నా రెండో అక్షరాభ్యాసం

ఆ రోజుల్లో (తాతల కాలమేమీ కాదు, డిగ్రీ పట్టా చేతికొచ్చి, దాన్ని ఎవరికి చూపించాలో తెలియక తిరుగుతున్న రోజుల్లో) శ్రీరాంపూర్ బొగ్గుబాయి కాలనీలో ఒక మహాయుద్ధం జరిగింది. అందులో వీరులున్నారు, శపథాలున్నాయి, దేవత సన్నిధిలో ఒక ఘట్టం కూడా ఉంది. చదివితే మీ ఒళ్లు గగుర్పొడవాలి. నిజం చెప్పాలంటే అంత లేదు. వీరుణ్ణి నేనొక్కణ్ణే. యుద్ధమంటే రైల్వే కొలువుకు రాసే పరీక్ష: జనరల్ సైన్సు, రీజనింగు. అప్పటికే ఒకసారి రాసి, ఫలితాల్లో నా నెంబరును పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ వెతికి, ఏ దిక్కు నుంచి చూసినా లేనిది లేనట్టేనని శాస్త్రీయంగా నిర్ధారించుకున్నాను. శపథం చేసింది మాత్రం బాపు (మా నాన్న). "గీసారి గూడ రాకుంటే పుస్తకాలు కట్టేసి భైంసా పో. పెద్దబాపు తాన పత్తి మిల్లుల కాంట కాడ కూసో. నిన్నైతే బాయిలకు దిగనియ్య" అన్నాడు. పెద్దబాపు అంటే బాపుకు సొంత అన్న, భైంసా పత్తిమిల్లులో తూకాలు చూస్తాడు. నాకేమో పత్తి బస్తా ఫొటో చూసినా తుమ్ములొస్తాయి. అంటే నా భవిష్యత్తు ఇటు రైలుకూ అటు తుమ్ముకూ మధ్య వేలాడుతోందన్నమాట.

కాబట్టి చదివాను. వరండాలో పాత కుర్చీ వేసుకుని, వీధికంతటికీ వినిపించేలా చదివాను (మా కాలనీలో మనసులో చదివితే చదువుతున్నట్టు లెక్క కాదు). బాపు మొదటి షిఫ్టు దిగి వచ్చి, ముఖం కడుక్కోకుండానే నా పక్కన కూర్చుని పుస్తకం లాక్కుని ప్రశ్నలడిగేవాడు. "ఆకాశం నీలంగ ఎందుకుంటది?" అని ఒకరోజు అడిగాడు. కాంతి పరిక్షేపణం అంటూ నేను అందుకోబోతే, ఆయన పైకి చూసి, దుమ్ముతో బూడిదగుమ్మడి రంగుకు తిరిగిన మా ఆకాశాన్ని కాసేపు పరిశీలించి, "ముందుగాల ఉన్నదో లేదో సూడు, ఎందుకున్నదో తర్వాత సూద్దువు" అన్నాడు. రీజనింగులో రక్తసంబంధాలు మరీ కష్టం. మా అక్కను మా అవ్వ (అమ్మను మేం పిలిచేది అలాగే) తమ్ముడికే ఇచ్చారు గనక ఆయన నాకు మామా, బావా. పుస్తకం రాసినవాడికి ఇలాంటి ఇళ్లుంటాయని ఎవరూ చెప్పలేదు, ఒక్క జవాబే పెట్టాలనేవాడు.

ప్రమాదం మాత్రం తర్కం అధ్యాయంలో పొంచి ఉంది. ఒక మధ్యాహ్నం నేను గొంతెత్తి, "అన్ని పిల్లులూ కుర్చీలే. అన్ని కుర్చీలూ మామిడికాయలే. కాబట్టి కొన్ని పిల్లులు మామిడికాయలు" అని చదువుతుంటే, బియ్యంలో రాళ్లు ఏరుతున్న అవ్వ చెయ్యి చేటలోనే ఆగిపోయింది.

"ఏందిరా గది?"

"రీజనింగ్ అవ్వా."

"పిల్లి కుర్సీ ఎట్లయితదిరా?"

"అయినట్టు అనుకోవాలె."

"ఎవలు అనుకోమన్నరు?"

"రైల్వేవాళ్లు."

అవ్వ చేట పక్కన పెట్టి లోపలికి పోయింది. కాసేపటికి గుసగుసలు వినిపించాయి. "గందుకే నేను మొత్తుకుంటున్న. పోరడు ఆగమైతుండు. వీనికి బాసరల అక్షరాభ్యాసం సక్కగ కాలే. వీడు గుర్రుపెట్టి పండుకుంటే, అయ్యగారు పండుకున్నోని చేతిల్నే బలపం పెట్టి గీయించిండు. లేపుతా అంటె నువ్వే వద్దన్నవ్." దానికి బాపు, "నన్నంటవేందే? నైట్ డ్యూటీ దిగి వచ్చిన. నేను గూడ పండుకున్న" అని నిజాయితీగా జవాబిచ్చాడు. ఇక అవ్వ తీర్మానం చేసేసింది: అక్షరాభ్యాసం సరిగ్గా కానివాడికి చదువు అంటదు, మనవాడికి సరిగ్గా కాలేదు, కాబట్టి మళ్లీ చేయించాలి. పుస్తకంతో సరిచూశాను. తర్కంలో ఎక్కడా తప్పు లేదు. మా ఇంట్లో రీజనింగు వచ్చినవాళ్లు ఉన్నారని, వాళ్లు పరీక్ష రాయడం లేదని ఆ రోజే తెలిసింది.

"నేను రాను" అన్నాను. "రాకుంటె భైంసా పో" అన్నాడు బాపు. బాసర వెళ్లాం.

మంటపంలో వరసగా తల్లిదండ్రులు, ఒళ్లలో చంటిపిల్లలు, ముందు పలకలు, పళ్లేల్లో బియ్యం. మీసాలున్నది నాకూ, పిల్లల తండ్రులకూ మాత్రమే. అయ్యగారు మా దగ్గరికి వచ్చి, "బాబు ఏడమ్మా? తీసుకురండి" అన్నారు. అవ్వ నా భుజం మీద చెయ్యేసి, "గీడనే ఉన్నడు అయ్యగారూ" అంది. ఆయన నన్ను చూసి, నా వెనక చూసి, ఎవరైనా దాక్కున్నారేమోనని స్తంభం వైపు కూడా చూశారు.

"ఈయన పిల్లవాడికా?"

"కాదు, వీనికే" అంది అవ్వ.

"చదువుకోలేదా?"

"డిగ్రీ అయిపోయింది" అన్నాను.

అయ్యగారు చాలా వింతలు చూసినవారిలా ఉన్నారు. నిట్టూర్చి, "సరే, ఒళ్లో కూర్చోబెట్టుకోండి" అన్నారు. బాపు ఏమాత్రం తొణకకుండా బాసింపట్టు వేసి తొడ మీద తట్టి చూపించాడు. నేను కూర్చున్నాను (కూర్చోవడమంటే, బరువంతా నా అరికాళ్ల మీద ఆపి, కూర్చున్నట్టు కనిపించడం). "పూరా కూసో" అన్నాడు బాపు. కూర్చున్నాను. పీడనం, బలం, వైశాల్యం అని పుస్తకంలో చదివిందంతా బాయిలో అరిగిన ఆయన మోకాళ్ల మీద ప్రయోగమైంది. అప్పటిదాకా పక్కన గుక్కపెట్టి ఏడుస్తున్న చంటోడు నన్ను చూసి ఠక్కున ఆపేశాడు. వాళ్లమ్మ ఆ అవకాశం వదులుకోలేదు. "సూసినవా బిడ్డా? ఇప్పుడు సక్కగ దిద్దకుంటె గా అన్న లెక్క మళ్ల రావాల్సొస్తది" అంది.

సరిగ్గా ఆ క్షణానికే, పక్క ఊరే కదా అని, పెద్దబాపు కూడా దిగాడు. దూరం నుంచే చేతులు జోడించి, "అరే, పిలగాడు ముద్దుగున్నడు! పేరేం పెట్టిన్లు?" అని అరిచాడు. మంటపమంతా నవ్వింది. అయ్యగారు కూడా మంత్రం మధ్యలో ఒకసారి దగ్గారు.

బలపం నా చేతికిచ్చారు. దాని మీద బాపు చెయ్యి, ఆ పైన అయ్యగారి చెయ్యి. ముగ్గురం కలిసి పలక మీద ఓం అని దిద్దాం. బాపు వేళ్ల చర్మం కింద ఎప్పటివో బొగ్గు గీతలు నీలంగా నిలిచిపోయి ఉంటాయి, ఎంత కడిగినా పోవు. నా చెయ్యి మీద వాటిని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. ఆయన నా చెవిలో, "రాకున్నా ఫికర్ చెయ్యకు. కాంట కాడ నీడల కూసునే పనే" అన్నాడు. శపథం చేసిన మనిషే అలా మెత్తబడితే ఇక చదవక తప్పుతుందా? అయ్యగారు చెయ్యి తియ్యగానే, "ఇగ లేరా, కాలు తిమ్మిరెక్కింది" అన్నాడు.

కరీంనగర్‌లో పరీక్ష రాశాను. పిల్లులు కుర్చీలు కాలేదుగానీ కొన్ని గొడుగులు గుర్రాలయ్యాయి, నేను అభ్యంతరం చెప్పలేదు. ఈసారి నెంబరు వచ్చింది. సరస్వతమ్మ దయ అంది అవ్వ. నా మోకాలి దయ అన్నాడు బాపు. నేను చదివాను కదా అని మూడో అభిప్రాయం వినిపించబోతే, ఇద్దరూ నన్ను జాలిగా చూశారు. పెద్దబాపు మాత్రం ఫోన్ చేసి, "మిల్లు బతికింది పో" అన్నాడు.

ఇప్పుడు నేను పట్టాల మీద పనిచేసే ముఠాలో ఉన్నాను. ఆకాశం ఎందుకు నీలంగా ఉంటుందని ఏ అధికారీ ఇంతవరకు అడగలేదు. ఎండలో ఉన్నప్పుడు ఒక్కోసారి పైకి చూసి, బాపు మాట తలచుకుని, ముందుగా ఉందో లేదో చూసుకుంటాను. ఉంటుంది. ఇక రెండుసార్లు దిద్దిన అక్షరాల సంగతంటారా, పనిలో చేరినప్పటి నుంచి వాటి అవసరం పెద్దగా పడలేదు. మా దగ్గర హాజరుకు సంతకం లేదు. పొద్దున వచ్చినప్పుడొకసారి, సాయంత్రం పోయేటప్పుడొకసారి మిషన్ మీద వేలిముద్ర వెయ్యాలి.