కాగితం ప్రకారం మా పెళ్లి

మా ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో బస్రా దాకా వెళ్లి, మోకాట్లో తూటా దెబ్బతో తిరిగొచ్చాడు. ఆ తర్వాతే మా పెళ్లయింది. కొన్నేళ్లకు పింఛను కోసం ఇద్దరం కడప కచేరీకి వెళితే, గుమాస్తా ఆయన డిశ్చార్జి కాగితం చదివి తల అడ్డంగా ఊపాడు.

“ఏమప్పా, పట్టాళంలో చేరకముందే నిన్ను ఇంటికి పంపించినట్టుండాదే!”

“మరి ఈ తూటా యాడ తగిలింది సామీ?”

“ఇంటికాడనే తగిలిండాల,” అని గుమాస్తా నా వైపు అనుమానంగా చూశాడు.

తేదీలు సరిచేయమని అర్జీ పెట్టుకున్నాం. వానలు వెనకబట్టాక కొత్త కాగితం వచ్చింది. ఈసారి విడుదలైన సంవత్సరాన్ని అసలుకంటే తర్వాతిదిగా రాశారు. పింఛనుకు అడ్డు తొలగింది కానీ, దాని ప్రకారం మా పెళ్లినాటికి ఆయన ఇంకా బస్రాలోనే ఉన్నాడు.

“అట్లయితే నాకు తాళి కట్టిందెవరు?” అన్నాను, నవ్వాపుకోలేక.

ఆయన నవ్వలేదు. సర్కారు కాగితమంటే ఆయనకు అంత భయభక్తులు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “మళ్లా కడపకు పోయేకంటే మళ్లా పెండ్లి చేసుకునేది మేలు,” అన్నాడు.

అహోబిలంలో స్వామి ఎదుట నాకు ఇంకోసారి తాళి కట్టాడు. మా పిల్లలే అక్షింతలు వేశారు. పెద్దది మాత్రం, “మొదటి పెండ్లికి మమ్మల్ని ఎందుకు పిల్చలేదు?” అని దారి పొడుగునా ఏడ్చింది.