మాగాయ ఊట

దేవకుమారి గారు భీమవరంలో ముప్పయ్యేళ్లు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పారు. అమెరికాలో, ఇర్వింగ్‌లోని కూతురి అపార్ట్‌మెంట్‌కి వచ్చి తొమ్మిదేళ్లయింది. మా తెలుగు చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. ఈ వేసవిలో మాత్రం రెండో చరణానికే ఊపిరందక కూర్చుండిపోతున్నారు. పాదాలు బూరెల్లా పొంగాయి. పడుకోవడానికి ఒక దిండు చాలే మనిషికి ఇప్పుడు మూడు కావాలి.

గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరుతోందని చెప్పి డాక్టరమ్మ నీరు తీసే మాత్ర రాసింది. ఉప్పు బాగా తగ్గించమంది. వారంలో ఐదు పౌండ్లు పెరిగితే వెంటనే ఫోన్ చేయమని కాగితం రాసిచ్చింది. ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీదే ఉంది.

ఆవిడ మాత్ర వేసుకున్నారు గానీ, ఉప్పు మాట నమ్మలేదు. మామిడిముక్కల మీద ఉప్పు జల్లితే మూడో రోజుకి ముక్కలోని నీళ్లన్నీ ఊటగా దిగిపోతాయి. ముక్క చిక్కిపోతుంది. ఏటా మాగాయ పెట్టే చేతికి ఇది ఒకరు చెప్పాలా? ఉప్పు నీటిని లాగేస్తుంది కాబట్టి కాళ్లలో నీటినీ లాగేస్తుంది. పది రోజులుగా కూతురు ఆఫీస్‌కి వెళ్లగానే ఆవిడ అన్నంలో మాగాయ ఊట కలుపుకుని తింటున్నారు. వైద్యం లెక్కన, వేళ తప్పకుండా.

శనివారం పొద్దున, తల్లి ఆఫీస్‌కి వెళ్లాక, మనవరాలు షెరిన్ వంటింటి గట్టు మీద ఐదు కప్పులు పెట్టింది. పదో తరగతి బయాలజీ ప్రాజెక్ట్ అది. మొదటి కప్పులో మంచినీళ్లు, తర్వాతి వాటిలో అంతకంతకూ ఎక్కువ ఉప్పు. ఒకే కొలతకు కోసిన బంగాళాదుంప ముక్కలను తూచి, ఒక్కో కప్పులో వేసింది.

“అమ్మమ్మా, డోంట్ టచ్. మిక్స్ అయిపోతాయి.”

“నీ దుంపలు నాకెందుకే! వేపుడైతే చెప్పు, వస్తాను.”

మధ్యాహ్నానికి షెరిన్ ముక్కలు తీసి, తుడిచి, మళ్లీ తూచింది. మంచినీళ్లలోది బరువెక్కి బిర్రుగా ఉంది. మధ్య కప్పులోది దాదాపు అలాగే ఉంది. ఐదో కప్పులోది తేలికై, పట్టుకుంటే తాడులా వేలాడింది.

దేవకుమారి గారి ముఖం వెలిగింది. “స్తోత్రం! చూశావా? ఉప్పు నీళ్లు లాగేసింది. ఆ డాక్టరమ్మకి మాగాయ పెట్టడం వస్తే గదా తెలిసేది. నేను పది రోజుల్నించీ అదే చేస్తున్నాను.”

“ఏం చేస్తున్నావ్?”

ఆవిడ చెప్పారు. షెరిన్ చేతిలోని ముక్క గట్టు మీద పెట్టేసింది.

“అమ్మమ్మా, సాల్ట్ ఎక్కడుంది? పొటాటో లోపలా, బయటా?”

“బయట. నీళ్లలో.”

“సో ముక్కలో వాటర్ ఎటు పోయింది?”

“ఉప్పు దగ్గరికే.”

“నువ్వు తిన్న సాల్ట్ ఎక్కడుంది?”

ఆవిడ చెయ్యి పొట్ట మీదికి వెళ్లింది.

“నువ్వు పొటాటో కాదు అమ్మమ్మా,” అంది షెరిన్, గొంతు సన్నగా చేసి. “నువ్వు కప్పు.”

ఫ్రిజ్ మూలుగుతోంది. ఊపిరి తీసినప్పుడు ఆవిడ ఛాతీలో నుంచి, మూత పెట్టిన గిన్నె ఉడుకుతున్నట్టు చిన్న చప్పుడు. అది పొద్దుట్నుంచీ ఉంది. దాన్ని షెరిన్ ఇప్పుడే విన్నది.

బాత్రూమ్ నుంచి బరువు చూసే మిషన్ తెచ్చి, అమ్మమ్మను దాని మీద నిలబెట్టింది. పోయిన శనివారం చూసిన బరువు ఫ్రిజ్ మీది కాగితం అంచున రాసి ఉంది. ఇవాళ్టిది తొమ్మిది పౌండ్లు ఎక్కువ.

“మిషన్ తప్పు చూపిస్తుందేమోనే.”

“నేను ఎక్కాను. నాది సేమ్ ఉంది.”

డాక్టరమ్మ నంబరుకి చేస్తే, ఫోన్ ఎత్తిన నర్సు ఛాతీలో చప్పుడు సంగతి విని రెండో ప్రశ్న అడగలేదు. వెంటనే 911కి చేయమంది.

అంబులెన్స్ వచ్చేదాకా ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చున్నారు, వెనక్కి వాలితే ఊపిరాడటం లేదు. షెరిన్ నేల మీద కూర్చుని అమ్మమ్మ మేజోడు విప్పి, పిక్క ముందువైపు బొటనవేలితో నొక్కి వదిలింది. గుంట పడింది.

“పూడుతుందిలేవే,” అన్నారు దేవకుమారి గారు.

షెరిన్ లెక్కపెడుతూ కూర్చుంది. కింద సైరన్ ఆగింది. మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరైంది. గుంట అలాగే ఉంది.