బొమ్మిడాయిల పులుసూ కొరియా సీరియలూ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

ఏలూరులో అమ్మా నేనూ రెండో అంతస్తులో ఉంటాం. నాన్న పోయి ఆరేళ్ళు. అమ్మ టీచరుగా రిటైరైంది, నేను కాలేజీలో లెక్కలు చెబుతాను. కిందటేడు ఎదురు వాటాలోకి ఒకాయన దిగారు. కొల్లేరు లంకల మనిషి, అరవై దాటాయి, భార్య లేదు. చేపల చెరువు పోయాక ఊరొదిలి వచ్చేశారట. దిగిన మూడో రోజే మూత పెట్టిన గిన్నెతో తలుపు కొట్టారు.

"బొమ్మిడాయిల పులుసండీ. ఒక్కడికి సరిపడా వండటం నాకు చేతకాదు" అన్నారు.

అమ్మ ఆ గిన్నె కడిగి, జంతికలు వేసి తిరిగి ఇచ్చింది. మా వైపు పక్కింటి గిన్నె ఖాళీగా ఇవ్వరు. ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేస్తారు. ఉత్త గిన్నె వెళ్ళిందంటే, ఇక రాకపోకలు చాలని అర్థం. అలా గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. ఒకసారి అమ్మ గోంగూర పచ్చడి పెట్టడానికి అంచు మీద నాన్న పేరు చెక్కించిన గిన్నె తీసింది. "అది మాత్రం గడప దాటడానికి వీల్లేదు" అని లాక్కుని అలమారలో పెట్టేశాను.

తర్వాత ఆ సీరియల్ మొదలైంది. కొరియా వాళ్ళది, తెలుగు మాటలతో వస్తుంది. ఆయనా అదే చూస్తున్నారని తెలిసి అమ్మ రమ్మంది. సాయంత్రం ఐదింటికల్లా వచ్చి, తలుపు బార్లా తీసి ఉండగా, గుమ్మం పక్క కుర్చీలోనే కూర్చునేవారు. అమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ చూసేది. కథలో పక్కపక్క ఇళ్ళవాళ్ళిద్దరు. అతను సూపు కాచి ఇస్తాడు, ఆమె ముల్లంగి పచ్చడి ఇస్తుంది. పన్నెండు ఎపిసోడ్లయినా చెయ్యి పట్టుకోరు!

"ఇంకెప్పుడు చెబుతాడమ్మా వీడు?" అని నేను విసుక్కుంటే, "ఉండవే, అన్నం ఉడకద్దూ!" అనేది అమ్మ. ఇద్దరూ నవ్వేవారు. ఆరేళ్ళుగా అమ్మ అలా నవ్వడం నేను వినలేదు. సంతోషించాలి కదా? నాకు కడుపు మండింది.

ఓ ఆదివారం చర్చి బయట చెప్పులు వేసుకుంటుంటే ఒకావిడ, "ఏమ్మా, మీ ఇంట్లో రోజూ చేపలేనటగా! ఇంతకీ సంబంధం నీకా, మీ అమ్మకా?" అంది. పక్కనున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. అదృష్టం, అమ్మ వినలేదు. నాకు మాత్రం ఒళ్ళు భగ్గుమంది.

ఇంటికొచ్చేసరికి వంటింటి గట్టు మీద ఆయన గిన్నె బోర్లించి ఉంది. అందులో వేయడానికి అమ్మ సున్నుండలు పక్కన పెట్టుకుంది. అమ్మ లోపల చీర మార్చుకుంటోంది. సున్నుండలు ఓ డబ్బాలో వేసి పప్పుల వెనక దాచాను. ఉత్త గిన్నె పట్టుకెళ్ళి ఎదురు తలుపు కొట్టాను.

ఆయన గిన్నె అందుకుని లోపలికి చూశారు. తర్వాత నా మొహం చూశారు. "అమ్మగారే ఇమ్మన్నారా అమ్మా?"

"అవునండీ" అన్నాను. పచ్చి అబద్ధం.

"మంచిదమ్మా" అని నెమ్మదిగా తలుపు వేసుకున్నారు.

ఆ సాయంత్రం ఐదైంది, ఆయన రాలేదు. అమ్మ రెండుసార్లు తలుపు దాకా వెళ్ళొచ్చింది. మర్నాడూ రాలేదు. సీరియల్లో ఇంకా రెండు ఎపిసోడ్లే ఉన్నాయి, అమ్మ టీవీ పెట్టలేదు. "ఒంట్లో బాలేదేమో, కనుక్కోవే" అంటే, "నాకేం పని?" అని కసిరాను. గురువారం వాచ్‌మన్ చెప్పాడు, సారు శనివారం ఖాళీ చేస్తున్నారని, తాడేపల్లిగూడెంలో చెల్లెలిగారింటికి వెళ్ళిపోతున్నారని. అమ్మ "అలాగా" అంది. ఆ రాత్రి అన్నం కెలికి వదిలేసింది. నాకు భయం పట్టుకుంది. నా చేత్తో ఏం చేశానో అప్పటికి తెలిసొచ్చింది, అయినా అమ్మకి చెప్పలేదు.

శుక్రవారం పప్పు కోసం వెతుకుతూ అమ్మ ఆ డబ్బా చూసింది. తెచ్చి నా ముందు పెట్టింది. అరవలేదు. "నేనేం తప్పు చేశానే?" అంది.

"నాన్న ఉంటే..." అన్నాను.

"నాన్న ఉంటే, తనూ ఆయన పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చునేవారు."

శనివారం పొద్దున్నే బజారుకెళ్ళి బొమ్మిడాయిలు తెచ్చాను. నా జన్మలో చేప వండి ఎరగను. కింద ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. మంచం ఎక్కిస్తున్నారు, పులుసింకా దగ్గరపడలేదు. బీరువా కూడా ఎక్కించేశారు. ఇక లాభం లేదని పొయ్యి కట్టేసి, చేతికందిన గిన్నెలో పోసి, మూత పెట్టి పరిగెత్తాను.

ఆయన ఖాళీ గదిలో పరుపు చుట్టకి తాడు కడుతున్నారు. "అమ్మగారు పంపారా?"

"కాదండీ, నేనే వండాను. ఆ రోజు ఉత్త గిన్నె తెచ్చిందీ నేనే. అమ్మ సున్నుండలు పెట్టింది, నేను దాచేశాను. అమ్మకేమీ తెలీదు. క్షమించండి అంకుల్."

ఆయన తాడు వదిలేశారు. మూత తీసి చూశారు. గిన్నె అంచు మీద బొటనవేలు ఒకచోట ఆగిపోయింది. కింద ఆటో అతను హారన్ కొట్టాడు.

"ఉప్పు చూశావా అమ్మా?"

"లేదండీ."

మూత పెట్టి, గిన్నె చేత్తో పట్టుకునే మెట్లు దిగారు. ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కారు. కాళ్ళీడ్చుకుంటూ ఇంట్లోకి వచ్చాను.

అమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. "ఏమన్నారు?"

"ఏమీ అనలేదమ్మా. ఉప్పు చూశావా అన్నారు. గిన్నె పట్టుకెళ్ళిపోయారు."

"ఏ గిన్నె?"

ఇద్దరం అలమార వంక చూశాం. నాన్న పేరున్న గిన్నె లేదు. "అయ్యో! చూసుకోలేదమ్మా, కంగారులో..."

అమ్మ మళ్ళీ వీధిలోకి చూసింది. "పేరు చదివే ఉంటారులే" అంది. "అది ఉంచుకునే మనిషి కాదు. ఖాళీగా తెచ్చే మనిషీ కాదు."

తర్వాత వెళ్ళి తలుపు బార్లా తీసి, గుమ్మం పక్క కుర్చీకి పట్టిన దుమ్ము కొంగుతో తుడిచింది.