గుర్రాలకు వేయించి, నేను మానుకున్న సూది

ఆ రోజు పొద్దున ఇడ్లీ ముక్క పెదాల దగ్గరే ఆగిపోయింది. నోరు తెరుద్దామంటే వేలెడు సందు కూడా రాలేదు. "ఏటే, రాత్రి ఏటైనా గట్టిది నమిలేవా?" అన్నారు మా ఆయన. పళ్ల మధ్య నుంచే లేదన్నాను. మర్నాడు మా దగ్గర పెళ్లి. టెంటు వాళ్లు వచ్చేశారు, పూలవాడు ఫోనెత్తడం లేదు. నా నోటి సంగతి చూసుకునే తీరిక నాకెక్కడిది?

మాది అనకాపల్లి దగ్గర శారదా నది ఒడ్డున గెస్ట్ హౌస్. ఆరు గదులు, ఫంక్షన్లకు ఒక లాన్, వెనక గుర్రాల షెడ్డు. ఊరేగింపుల్లో తిప్పీ తిప్పీ కుంటిపడ్డాక వదిలేసినవీ, బీచ్‌లో సవారీకి పనికిరావని తోలేసినవీ తెచ్చి సాకుతాం. అప్పటికి ఏడున్నాయి. వాటిని చూసేది అప్పారావు. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు జట్కా తోలేవాడు. నేను ఒకచోట కూర్చునే రకం కాదు. మా ఆయన నన్ను కాలుగాలిన పిల్లి అంటారు.

ఆ కాలే కొంప ముంచింది. వారం కిందట షెడ్డులో ఊడిపడిన నాడా మేకు ఒకటి చెప్పులోంచి అరికాల్లో దిగింది. "బెల్లం సున్నం ఎట్టీయమ్మా, లాగేత్తాది," అన్నాడు అప్పారావు. బెల్లానికి కొదవ లేని ఊరు. బెణికినా, వాచినా మా ఇంట్లో అదే మందు. కాలు కడగనైనా కడగకుండా మెత్తి, గుడ్డ కట్టి పనిలో పడ్డాను. అంతకు కొద్దిరోజుల ముందే పశువుల డాక్టరు వచ్చి గుర్రాలన్నిటికీ ధనుర్వాతం సూదులు వేసి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, "మీరంతా కూడా టీటీ చేయించుకోండి మేడమ్, ఆ క్రిమి పేడలోనే ఉంటుంది," అన్నాడు. "మాకేటవుద్ది డాక్టరుగారూ, మేం మనుషులం," అని నవ్వేశాను.

నోరు తెరుచుకోని ఆ రోజు, మా ఆయన పోరు పడలేక వెళ్తే, పళ్ల డాక్టరమ్మ చిగురు వాచిందేమోనని పెయిన్ కిల్లర్ రాసిచ్చింది. సాయంత్రానికి మెడ పట్టేసింది. తెల్లారేసరికి వీపు బిగుసుకుంది. అయినా లాన్‌లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

మా గుర్రాల్లో గౌరి అని ఒక తెల్లది ఉంది. పెళ్లిళ్ల ఊరేగింపుల్లో పన్నేళ్లు తిరిగొచ్చింది. డప్పు వినబడితే వణికిపోతుంది. చుట్టాలు ఫోటోలు దిగుతారని దాన్ని నేనే గేటు దగ్గర కట్టించేదాన్ని. "ఒగ్గీయమ్మా, బెదిరిపోతంది," అని అప్పారావు ఎన్నిసార్లు అన్నాడో. "నాటకాలు, అదే అలవాటు పడుతుంది," అనేదాన్ని. ఆ రోజూ కట్టించాను. డీజే మొదటి దెబ్బకు దాని ఒళ్లు, నా ఒళ్లు ఒకేసారి ఎగిరిపడ్డాయి. నేను కిందపడ్డాను.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు నాలుక నొక్కే పుల్లతో గొంతు వెనక తాకించాడు. ఎవరికైనా డోకు వస్తుంది. నేను దాన్ని కరిచి పట్టేశాను. "ఈమధ్య ఎక్కడైనా గాయమైందా?" అన్నాడు. లేదన్నాను, నిజంగానే మరిచిపోయాను. మా ఆయనే నా కాలు ఎత్తి చూపించారు. బెల్లం, సున్నం రాయిలా గట్టిపడి ఉన్నాయి. "ఈ క్రిమి గాలి తగిలితే పెరగదు. మీరు మూత పెట్టి మరీ పెంచారు," అన్నాడు డాక్టరు. ఏ బ్లడ్ టెస్టులో తేలుతుందని మా ఆయన అడిగితే, "టెటనస్‌ని, అదే ధనుర్వాతాన్ని, టెస్టులో కాదు, మనిషిని చూసి పట్టుకోవాలి," అన్నాడు. ఆ విషానికి విరుగుడు సూది ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇచ్చి, అంబులెన్సులో విశాఖ పంపించేశారు.

అక్కడ గాయం కోసి శుభ్రం చేశారు. ఐసీయూలో ఒక మూల గదిలో పెట్టి కర్టెన్లు వేసేశారు. వెలుగు పడకూడదు, చప్పుడు వినబడకూడదు, ఊరికే ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు. దేనికైనా స్పాజం రావచ్చు, అంటే ఒళ్లంతా ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. ఒకసారి ఎవరిదో స్టీలు గ్లాసు నేల మీద పడింది. అంతే, మడమలూ తలా మంచానికి ఆని, నడుం పైకి లేచిపోయింది. చెరుకు గెడను మోకాలి మీద విరవబోయినట్టుంది. తెలివి మాత్రం పోదు, అదే పాపం. ఆ రోజే ఊపిరి అందలేదు. గొంతుకు రంధ్రం చేసి వెంటిలేటర్ పెట్టారు. "రెండు మూడు వారాలు. గుండె తట్టుకుంటే బయటపడతారు," అని డాక్టరమ్మ మా ఆయనతో అనడం నాకు వినబడింది.

కాలు నిలవని మనిషిని కదలకుండా పడుకోబెడితే ఎలా ఉంటుందో చెప్పలేను. మందులతో మగత, మగతలోనే పరుగు. గడ్డి వచ్చిందో లేదో, నీళ్లు పెట్టారో లేదో. అడుగుదామంటే మాట రాదు. తలుపు అవతల చెప్పుల చప్పుడు వినబడినా వణికేదాన్ని. అప్పుడల్లా గేటు దగ్గర కట్టేసిన గౌరి కళ్ల ముందుకొచ్చేది. నాకు కర్టెన్లు వేసిన వాళ్లున్నారు. దానికి నేను తాడు వేశాను. సిగ్గుతో ఏడ్చాను.

మా ఆయన వచ్చి చెవి దగ్గర గుసగుసగా చెప్పేవారు. "అప్పారావు కింద మెట్ల మీదే కూకున్నాడే. నా నోటితోనే సెప్పేను బెల్లం ఎట్టమని, నానే సంపేసేనని తల బాదుకుంతన్నాడు." తప్పు అతనొక్కడిదే కాదని చెప్పడానికి నాకు గొంతు లేదు.

పద్దెనిమిదో రోజు వెంటిలేటర్ తీస్తే జ్వరం, న్యుమోనియా. మళ్లీ పెట్టారు. ఆ దెబ్బతో ఆశ వదిలేశాను. ఇంకో పది రోజులకు నా ఊపిరి నేను తీసుకున్నాను. ఇంటికొచ్చాక వాకర్‌తో రెండు నెలలు నడిచాను.

ఇప్పుడు బాగానే ఉన్నాను. మెడ కాస్త బిగుతుగా ఉంటుంది, అంతే. మా దగ్గర డీజే మానేశాం. "డీజే నేని పెళ్లికి ఎవలొత్తారే?" అని మా ఆయన గొణిగారు. సన్నాయి చాలనుకునేవాళ్లే వస్తున్నారు. గౌరి షెడ్డు చివర, నది వైపు ఉంటుంది. దాని మెడకు తాడు లేదు.

డిశ్చార్జి రోజు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. "ఒకసారి వచ్చి తగ్గింది కదా, ఇక రాదనుకోకండి. ఈ జబ్బు వచ్చి పోయినా రక్షణ మిగలదు. సూది ఒక్కటే రక్షణ." అందుకే చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పశువులున్న ఇంట్లో, వాటికి సూదులు వేయించే వారమే మీరూ వెళ్లి వేయించుకోండి. మేకు దిగితే సబ్బునీళ్లతో కడిగి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. బెల్లం బూరెల్లోకి ఉంచుకోండి.

మొన్న పశువుల డాక్టరు మళ్లీ వచ్చాడు. గుర్రాల పని అయ్యాక ఆటో పిలిపించి, అందరినీ పీహెచ్‌సీకి బయలుదేరమన్నాను. అప్పారావు గడ్డిమోపు వెనక నక్కాడు. మెట్ల మీద కూర్చుని ఏడ్చిన ఆ మనిషికే సూదంటే చచ్చేంత భయం.

"నాకేటవుద్దమ్మా," అన్నాడు. "మనం మనుసులం గదా."

మెడకు చుట్టుకున్న కండువా తీసి, గొంతు మీద గుంటను చూపించాను. అప్పారావు గడ్డిమోపు వెనక నుంచి లేచి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ ఆటో వైపు నడిచాడు.