గంజితో అతికించిన దయ్యం బొమ్మ

మన వాట్సాప్ గ్రూపుల అందరు మంచిగున్నరా? జగిత్యాల అక్కా, జెరం జరంత తగ్గిందా? మెట్‌పల్లి వదినే, మోకాళ్లు ఎట్లున్నయ్? సిరిసిల్ల దోస్తులారా, బీపీ గోళీలు మరువకుండ ఏసుకుంటున్నరా?

కోరుట్లల మా మనుమరాలు ఒక పాత నవలను బొమ్మల పుస్తకం చేస్తున్నది. నిన్న అండ్ల దయ్యం బొమ్మ సూపెట్టింది. సూడంగనే పుస్తకం మూసేసిన.

మీకు యాదికున్నదా, సిన్నప్పుడు మా మగ్గాలింట్ల గా నవలనే జగిత్యాల అక్క సదువుతుంటే నేను బొమ్మలేసిన. కథల దయ్యం తినబొయ్యే పిల్లకు అక్క మొఖమే పెట్టిన. బొమ్మలన్ని వంటింటి గంజితోని అట్టలకు అతికించినం. ఆఖరుకు గంజి అయిపోయింది. దయ్యం బొమ్మ ఒక్కటి బాపు నూలుకు పెట్టే గంజితోని అతికించినం.

తెల్లారి సూస్తే ఎలుకలు అన్ని బొమ్మలు కొరికినయ్, అక్క మొఖం గూడ. దయ్యం ఒక్కటే మిగిలింది. గా దినమే అక్కకు జెరమచ్చింది.

"దయ్యం అక్కను తింటది బాపూ!" అని ఒకటే ఏడ్చిన.

బాపు నవ్విండు. "పిచ్చి బిడ్డా, పురుగు పట్టొద్దని నూలు గంజిల మైలుతుత్తం కలుపుతం. అది విషం, అందుకే దాన్ని ఎలుకలు ముట్టలే."

అక్క లేసి తిరిగింది గని, నా భయం పోలే. ఇప్పుడు మళ్ల గదే దయ్యం, మళ్ల అక్కకు జెరం. పొద్దున అక్కకు ఫోన్ చేసి ఏడ్చిన.

"నన్ను ఇంకా తినలేదే! పోరిని, పుస్తకాన్ని పట్టుకొని రా. ఈసారి నా బొమ్మకే మైలుతుత్తం గంజి పెడుదాం" అన్నది.

ఏడో తారీకు, ఆదివారం, మొదటి బస్సుకే వస్తున్న అక్కా.