అడుగులైను బాబాయి

పొద్దున్న ఆరున్నర. సన్నటి జల్లు. సగమే లేచిన ప్రెస్సు షట్టరు కింద నుంచి వంగి లోపలికి దూరాడు హమాలీ. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి.

"నీకన్నా నీ కడుపు చప్పుడే ముందొస్తుందిరా," అన్నాడు బాబాయి, మిషను రోలర్లు తుడుస్తూనే. సంచిలోంచి రొట్టె తీసి రెండుగా తుంచాడు. పెద్ద సగం హమాలీకి. పదకొండేళ్ళుగా అంతే.

"సమానంగా తుంచడం రాదా బాబాయ్ నీకు?"

"కాగితమైతే వెంట్రుకవాసి తేడా రానివ్వను. రొట్టె దగ్గరే చెయ్యి వణుకుతుంది."

ఆయన ఎవరికీ సొంత బాబాయి కాదు. ప్రెస్సులో మిషను మనిషి. వీధి వీధంతా 'అడుగులైను బాబాయి' అనేది. ఎన్నికల పోస్టరన్నాక అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఒక లైను ఉండాలి: ఎవరు వేయించారు, ఎక్కడ అచ్చయింది, ఎన్ని కాపీలు. ఎవరెంత ఖర్చు పెడుతున్నారో జనానికి తెలియాలని చట్టం పెట్టిన లైను అది. పక్క ప్రెస్సులవాళ్ళు పార్టీలు చెప్పిన అంకే వేసేవారు. బాబాయి మాత్రం మిషను మీద ఎన్ని తిరిగితే అన్నే.

"పైన వాళ్ళేం వాగినా మనకనవసరం. అడుగు లైను మాత్రం మనది," అనేవాడు.

పిన్ని దీనికి నెత్తి కొట్టుకునేది. "మా పెళ్ళి కార్డు మీదా వేశాడు మహానుభావుడు, రెండొందల కాపీలని! పిలుపు అందనివాళ్ళంతా 'రెండొందల్లో మేం లేమా' అని నా మీద పడ్డారు."

హమాలీ చదువు నాలుగో తరగతితో ఆగింది. అంకెలొచ్చు. కట్టలన్నీ మోశాక బాబాయి లైనుతో సరిచూసుకునేవాడు. ఒక్కసారీ తేడా రాలేదు.

పోయిన ఎన్నికల్లో ఓ నాయకుడు, బాబాయి అచ్చేసిన అవతలి పార్టీ పోస్టరు చేతపట్టుకుని, ఆ అడుగు లైనే మైకులో చదివాడు. "యాభై వేల పోస్టర్లట! డబ్బెక్కడిది? విరాళాలిచ్చిందెవరో బయటపెట్టండి!" జనం ఈలలు వేశారు. గెలిచాక ప్రెస్సుకొచ్చి, "మీలాంటివాళ్ళుండాలండీ," అని బాబాయి చెయ్యి పట్టుకుని ఊపాడు.

"పాపం, చేతినిండా సిరా అంటించుకుపోయాడు," అని బాబాయి వారం రోజులు నవ్వాడు.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఈసారి అదే నాయకుడి పోస్టర్లు. పైన బారెడు అక్షరాలు: 'మా పాలన తెరిచిన పుస్తకం'. ఇరవై వేలు కొట్టి, అడుగున రెండు వేలని వెయ్యమని ఓనరుకు కబురొచ్చింది. ఓనరు ఆ మాటే చెబితే బాబాయి "ఊఁ" అన్నాడు. అది ఒప్పుకున్న 'ఊఁ' కాదని ఓనరుకు తట్టలేదు.

ఆ పొద్దున్న జల్లు తగ్గేసరికి నాయకుడి మనిషి వ్యాను తెచ్చాడు. "అన్నీ ఉన్నాయా?" అన్నాడు.

హమాలీ ఛాతీ విరుచుకున్నాడు. "కట్టకి ఐదొందలు, నలభై కట్టలు. అనుమానముంటే మా బాబాయి లైను చూసుకోండి!"

ఆ మనిషి వంగి చూశాడు. మొహం మాడిపోయింది. హమాలీ నాలుక కరుచుకున్నాడు.

ఓనరు పరుగున వచ్చాడు. "చెప్పాను కదా బాబాయ్! ఈ ఆర్డరు పోతే ప్రెస్సు మూతే."

"ఎన్ని తిరిగాయో అన్నే వేశాను బాబూ."

"అప్పుడు అయ్యగారు మెచ్చుకున్నారని నెత్తికెక్కిందా?" అన్నాడు వచ్చినవాడు. "అది వాళ్ళ పోస్టరు, ఇది మాది!"

"లైను ఒకటే కదండీ."

ఓనరు ఎవరి మొహమూ చూడకుండా కటింగ్ మిషను వైపు చెయ్యి చూపించాడు. "అడుగున అరంగుళం కోసెయ్యండి."

బాబాయి కదల్లేదు. చివరికి ఓనరే బ్లేడు దింపాడు. హమాలీ తలవంచుకుని ఒక్కో కట్టా అందించాడు. సన్నటి చీలికలు రాలి చీలమండల దాకా పేరుకున్నాయి. ప్రతి చీలిక మీదా ఇరవై వేలు.

ఆఖరి కట్ట వ్యానులో వేసి వచ్చేసరికి మిషను దగ్గర ఎవరూ లేరు. రోలర్లు శుభ్రంగా తుడిచి ఉన్నాయి. సిరా మరకల ఏప్రాను మేకుకు వేలాడుతోంది. బాబాయి వెళ్ళిపోయాడు.

హమాలీ తువ్వాలు మీద కాగితంలో చుట్టిన మధ్యాహ్నపు రొట్టె ఉంది. విప్పి చూశాడు. ఆ రోజూ పెద్ద సగమే.