మోగని బండ

కప్పు మీద కూర్చున్న కోతిని అదిలించడానికి ఎవరో రాయి విసిరారు. కోతి దూకి పోయింది. రాయి మాత్రం బడి వసారా మీద పరిచిన నాపబండల వాలున దొర్లుతూ వచ్చింది. మూడు బండల మీద ఠంగు, ఠంగుమని మోగింది. నాలుగోదాని మీద, గోనెసంచి మీద పడ్డట్టు, ధప్‌మంది. ఐదో బండ మళ్లీ మోగింది. మధ్యాహ్నం అన్నానికి కూతుర్ని తీసుకుపోదామని వచ్చి, ఐదేళ్ల కొడుకు చెయ్యి పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నాను. ఆ నాలుగో బండ కింద, నల్లబల్లకు ఎదురుగా, మొదటి వరసలో నా కూతురు కూర్చుని ఎక్కం వల్లిస్తోంది.

ఆ చప్పుడు నాకు కొత్త కాదు. మా వారు రైల్వేలో గూడ్సు గుమాస్తా. మాచర్లకు బదిలీ అయి వచ్చిన ఏడాదే మా అద్దె ఇంటికి వంటగది వేశారు. అక్కడ ఇంటికప్పంటే నాపరాతి బండలే. మేస్త్రీ ఒక్కో బండనూ గోడకు నిలబెట్టి, సుత్తితో మెల్లగా కొట్టి, తల వంచి వినేవాడు. మంచి బండ గంటలా మోగుతుంది. లోపల నెర్ర ఉన్నది మోగదు. పైకి రెండూ ఒకేలా నున్నగా ఉంటాయి. మోగనిదాన్ని పక్కకు దొర్లించి, "ఇది నెత్తి మీదికి పనికిరాదు తల్లీ, కాళ్ల కిందికి ఏసుకోవాల్సిందే" అనేవాడు. అలా తీసేసినవాటినే మా పెరట్లో బట్టలుతుక్కునే చోట పరిచారు. నేను గుంటూరులో ఇంటర్మీడియట్ దాకా చదివాను. ఆ వారం రోజుల్లో వంటింటి గుమ్మంలో నిలబడి నేర్చుకున్నంత గట్టిగా అక్కడేదీ నేర్చుకోలేదు.

బడి వసారా కప్పింది కూడా ఆ మేస్త్రీయే. సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి అడిగాను.

"బడి బండలు కొట్టి చూశావా?"

అతను బీడీ ఆర్పి లేచాడు. "అయ్యి దానం బండలు గదమ్మా. కొట్టి సూడకూడదు."

"ఎందుకు చూడకూడదు?"

"కొనుక్కునే రాయిని కొట్టి సూస్తాం. ధర్మానికి ఇచ్చినదాన్ని కొడితే ఇచ్చినాయన్ని కొట్టినట్టేగా! ఆయన ఎదురుగ్గా కుర్చీ ఏసుకుని కూసున్నాడు. నేను సుత్తి తీస్తే, ఏందిరా, నా రాయినే అనుమానపడతన్నావా అనడూ?"

యుద్ధం రోజులవి. సిమెంటు, ఇనుము దొరక్క బడి మొండిగోడలతో ఆగిపోతే, నాపరాతి గనులున్న ఒక ఆసామి బళ్ల మీద బండలు తోలించి ఇచ్చాడు. చెడ్డమనిషి కాదు. ఆ బండల్లో నెర్ర ఉందని ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు కూడా. ఆయన్ను అడిగినవాళ్లు లేరు.

"పైకి ఎత్తేటప్పుడైనా నీకు తెలియలేదా?" అన్నాను.

మేస్త్రీ తన అరచేతులు చూసుకున్నాడు. "రాళ్ల పనోడి చేతికి తెలవకుండా ఉంటదా అమ్మా. నేను చెప్తే రేపట్నుంచి నాకు పని చెప్పేదెవురు? మీరు చదువుకున్నోళ్లు. మీరు చెప్పండి, మీ మాటైతే ఇంటారు."

ఇంటికొచ్చి మా వారితో చెప్పాను. ఆయన చెప్పులు విప్పుతూ ఆగిపోయారు.

"చప్పుడు విన్నానని చెప్పి ఆయన దానం మీద పేచీ పెడతావా? ఊరంతా దండలేసి పొగిడిన మనిషిని! ఆయన సరుకు రోజూ నా చేతుల మీదుగా రైలెక్కుతుంది. రేపు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"పిల్లలు కూర్చుంటున్నారండీ దాని కింద."

"కొన్నాళ్లు చూద్దాం. అనుమానంగా ఉంటే మన పిల్లను పక్కన కూర్చోమను."

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు దాన్ని పట్టుకున్నాను. మర్నాడు బడికి వెళ్లి మాస్టారితో అబద్ధం చెప్పాను. బయటి వెలుతురు కళ్లలో పడి పిల్లకు తలనొప్పి వస్తోంది, లోపలి గోడ దగ్గరికి మార్చండి అన్నాను.

"ముందు వరస కావాలని అందరూ నా ప్రాణం తీస్తుంటే, మీరొక్కరే వెనక్కి అడిగారమ్మా" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

మూడో రోజు పొద్దున మాకు పెరుగు పోసే ఆమె వచ్చింది. భర్త పోయినావిడ. అత్తగారూ, ఒక్కగానొక్క కూతురూ తప్ప ఎవరూ లేరు. ఆ పిల్ల నా కూతురి తరగతే. ఆమె పెరుగు కుండ దించకముందే మొదలుపెట్టింది.

"అమ్మగారూ, మా పిల్లకి మొదటి వరసలో చోటిచ్చారంట! మీ పాప లేచిన చోటే. చానా సంబరంగా ఉంది దానికి. ఏందే నీ గొప్ప అంటే, మాస్టారు రాసేది మొత్తం కనపడతందే అమ్మా, నీకేం తెలుసు అంటది. నన్నే!"

గిన్నె నా చేతిలో ఉంది. నోరు తెరిచాను. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇవాళ పెరుగు పుల్లగా లేదు కదా?" అన్నాను.

"నేనేనాడన్నా పుల్లటిది పోశానా తల్లీ?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నం బడికి వెళ్లినప్పుడు ముందు కప్పు చూసేదాన్ని. తర్వాత ఆ పిల్లను చూసేదాన్ని. నూనె రాసి బిగించిన రెండు జడలు, నిటారుగా పెట్టిన వీపు. బండ అలాగే ఉండేది. నిన్న పడలేదు కాబట్టి ఇవాళ పడదు అనుకునేదాన్ని. రేపు ఆమెతో చెబుతాను అనుకునేదాన్ని. పది రోజులు అలా గడిచాయి.

తరువాత ముసురు పట్టింది. మూడో రోజు, నేను వీధి మలుపులో ఉండగా చప్పుడైంది. అంత పెద్ద చప్పుడేమీ కాదు. ఒక్క క్షణం తర్వాత పిల్లల అరుపులు. నేను పరుగెత్తాను. పరుగెత్తుతూ కూడా నా పిల్ల గోడ దగ్గరే ఉంటుందని నాలో ఏదో నెమ్మదిగా చెబుతూనే ఉంది. దాన్ని నేను విన్నాను.

బండ రెండు ముక్కలైంది. ఒక ముక్క ఆ పిల్ల కుడి పాదం మీద పడింది. నలుగురు మగవాళ్లు దాన్ని ఎత్తారు. విరిగిన అంచు నేను చూశాను. సగం కొత్తగా, నీలంగా మెరుస్తోంది. మిగతా సగం పాత మట్టిరంగులో ఉంది. ఆ నెర్ర గనిలో ఉండగానే పడింది. మేస్త్రీ కూడా దాన్నే చూస్తున్నాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

పిల్లను సాయంత్రం బండికి గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. మా వారే పెట్టెలో చోటు చూసి పడుకోబెట్టించారు. కిటికీ దగ్గర నిలబడితే ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"మీ పాప జరగబట్టి బతికిపోయింది అమ్మగారూ. మీ కడుపన్నా చల్లగా ఉంది, అదే చాలు."

ఇది జరిగి రెండేళ్లయింది. ఆ పాదం తీసేశారు. మాకు మళ్లీ బదిలీ అయి నరసరావుపేట వచ్చాం. పిల్లలు పడుకున్నాక ఇదంతా రాద్దామని కూర్చుంటే ముందుగా ఆ మాటే వినిపిస్తుంది. ఆమె తిట్టి ఉంటే ఎప్పటికైనా మరిచిపోయేదాన్నేమో.

ఆ సాయంత్రం రైలు వెళ్లిపోయాక బడి ముందర పెద్దలు కూడారు. ముసురుకు దూలం నాని కుంగింది, ఎవరి తప్పూ లేదు, ఆ ఒక్క బండా మార్చి ఎల్లుండి బడి తెరుద్దాం అన్నారు. ఆసామి కళ్లు తుడుచుకుంటూ కొత్త బండ తానే పంపిస్తానన్నాడు. ఆ వసారా మీద ఇంకా ముప్ఫైకి పైగా బండలున్నాయి. ఒక్కదాన్నీ ఎవరూ కొట్టి చూడలేదు. మేస్త్రీ వెనక నిలబడి తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుంటున్నాడు.

ఆ రాత్రి మా వారు అన్నం ముట్టలేదు. "నువ్వు చెప్పావు. నేనే ఆపాను" అన్నారు. ఆ మాటకు ఒక్క నిమిషం నా బరువు దిగినట్టే అనిపించింది. కానీ ఆయన ఆపింది ఆసామికి చెప్పకుండా. పెరుగు పోసే ఆమెకు చెప్పొద్దని నన్నెవరూ ఆపలేదు. ఆమె మా గుమ్మంలోకి రోజూ వచ్చింది.

తెల్లవారి పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"నిన్ను గోడ దగ్గరికి మార్పించింది తలనొప్పి వస్తుందని కాదు" అన్నాను కూతురితో. "ఆ బండ విరుగుతుందని నాకు తెలుసు. తెలిసి నిన్నొక్కదాన్నే జరిపాను."

"మరి దానికెందుకు చెప్పలేదమ్మా?" అంది.

"చెప్పాల్సింది. చెప్పలేదు."

"దేవుడు కొడతాడా నిన్ను?" అన్నాడు కొడుకు.

"అది నాకు తెలియదు. బండలన్నీ దించి, మేస్త్రీ చేత ఒక్కొక్కటీ కొట్టించేదాకా బడికి ఎవర్నీ పంపొద్దని ఇంటింటికీ చెప్పడానికి వెళ్తున్నాను. మీరూ నాతో రండి. ముందు పెరుగు పోసే ఆమె అత్తగారి దగ్గరికి. నాకు ముందే తెలుసని ఆవిడతో చెబుతాను. ఆవిడ నన్ను తిడుతుంది. ఎంత తిట్టినా మీరు ఏడవకూడదు, ఇంటికి పోదాం రమ్మని నా కొంగు లాగకూడదు. ఆవిడ చెప్పేదంతా అయ్యేదాకా నిలబడి వినాలి."